లావెక్కిన స్క్రీను, పెరిగిన అంచు

సిరిసిల్ల,
ఆగస్టు 28

చిరంజీవి సంధ్యారాణికి మేనమామ నారాయణ మనసారా దీవించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేను, మీ నీల అత్తమ్మ, మీ అమ్మమ్మ, సాంచాలు అందరం క్షేమం. కరెంటు మాత్రం మధ్యమధ్య అలుగుతోంది. ఫోన్ చేయకుండా ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ సాంచాల మధ్య నిలబడ్డ చెవులు ఇవి. ఫోన్లో నువ్వు పది మాటలు చెబితే నాకు రెండు వినపడతాయి, ఆ రెండూ నువ్వు అనని మాటలే. కాగితమైతే గోడకు అంటించుకుని చూసి చేసుకుంటాను.

మొన్న నేను కోరుట్లకు మోసుకొచ్చిన సీపీయూ డబ్బా నీ చేతుల్లో లినక్స్ ఎక్కించుకుని క్షేమంగా ఇల్లు చేరింది. పాత విండోస్ కంటే చురుగ్గా లేస్తోంది. సోమవారం అంతా బంగారంలా నడిచింది. మంగళవారం సాయంత్రం కార్ఖానా నుంచి వచ్చి చూస్తే స్క్రీను మీద అన్నీ లావెక్కి ఉన్నాయి. అక్షరాలు లావు, బొమ్మలు లావు. అందులో నేను గీస్తున్న చీర అంచు గళ్లను స్కేలు పెట్టి కొలిచాను. పొద్దున రెండు మిల్లీమీటర్లు ఉన్న గడి సాయంత్రానికి దాదాపు నాలుగు అయింది. పైగా అంచులో కుడి సగం స్క్రీను దాటి ఎటో పోయింది.

ఆ అంచు సంగతి నీకు తెలుసు కదా. మీ అమ్మమ్మ పెళ్లయిన కొత్తలో చేతిమగ్గం మీద నేసుకున్న జొన్నకంకి అంచు. చీర ఎప్పుడో బొంతలో కలిసిపోయింది, జానెడు ముక్క మిగిలింది. పన్నెండు కంకుల వరసలో ఏడు ఉన్నాయి, ఐదు ఎలుకలు తిన్నాయి. సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మాయి శారద జగిత్యాల నుంచి వచ్చి అదే అంచు చీర కట్టుకోవాలని అమ్మ పట్టు. ఎలుక తిన్న ఐదు కంకులు ఎలా ఉండేవో లోకంలో అమ్మకొక్కదానికే తెలుసు. అడిగితే "నువ్వు గీయి, నేను చూసి చెప్త" అంటుంది. గీసి చూపిస్తే "కాదు" అంటుంది. ఏది కాదో చెప్పదు. సెప్టెంబర్ ఇరవైకల్లా ఈ బొమ్మను దేవేందర్‌కు ఇచ్చి చిల్లుల అట్టలు కొట్టించాలి. అవి లేనిదే సాంచకు కంకి ఎక్కడ వేయాలో తెలియదు. ఆ తేదీ దాటితే పండుగకు చీర లేదు.

కనుక ఈ లావుకు మందేమిటో వెంటనే రాయి.

ఇట్లు,
నీ మామ
నారాయణ

తా.క. అమ్మ అడగమంది: "గా డబ్బను తెచ్చి నా చేతిమగ్గం ఉన్న జాగల పెట్టిండు. పోగు తెగితె అది అతుకుతదా?" మర్యాదగా జవాబు రాయి, చదివి వినిపించాలి.


కోరుట్ల,
సెప్టెంబర్ 1

మామకు, అత్తమ్మకు, అమ్మమ్మకు సంధ్య నమస్కారాలు.

మామా, ముందు అమ్మమ్మకు జవాబు: అతకదు. పోగు అతకాలంటే అమ్మమ్మే కావాలి.

ఇక నీ స్క్రీను లావు సంగతి. నీకు పడుగూ పేకా చెబితే చాలు, మా కంప్యూటర్ సెంటర్ పిల్లల కంటే త్వరగా అర్థమవుతుంది. నీ మానిటర్ మంచి నేత గుడ్డ. నిలువు పోగులు పందొమ్మిది వందల ఇరవై, అడ్డం పోగులు వెయ్యిన్ని ఎనభై. ఇప్పుడు అది అదే పన్నాలో వెయ్యిన్ని ఇరవై నాలుగు పోగులే వేసుకుని నేస్తోంది. పోగులు తగ్గితే ఒక్కొక్కటి లావుగా కనిపించక ఏం చేస్తుంది?

ఎందుకలా అంటే, ఆన్ అయ్యేటప్పుడు సీపీయూ మానిటర్‌ను "నీ కొలత ఎంత?" అని అడుగుతుంది. ఆ జవాబు వెనక నీలం ప్లగ్గు ఉన్న తీగలోంచి రావాలి. ప్లగ్గు వదులైతే బొమ్మ వస్తుంది కానీ జవాబు రాదు. అప్పుడు లినక్స్ పాపం ఏదో ఒక చిన్న కొలత తానే అనుకుని పని కానిస్తుంది. కంప్యూటర్ ఆపి, ఆ ప్లగ్గుకు రెండు వైపులా ఉన్న స్క్రూలు బిగించి, మళ్లీ ఆన్ చెయ్యి. కొలత సరిగా వచ్చిందో లేదో చూడటానికి ఒక ఆజ్ఞ ఉంది. దాన్ని వేరే చీటీ మీద ఇంగ్లీషులో రాసి పెట్టాను. చూసి టైపు చేసి ఎంటర్ నొక్కు. ఏం వచ్చిందో నాకు పంపు.

లినక్స్ గురించి భయపడకు. ఇది ఒక్క ఆసామి సొత్తు కాదు. లోకమంతా వేలమంది కలిసి నేస్తున్న గుడ్డ ఇది. ఒకరు వదిలేసిన చోట ఇంకొకరు అందుకుంటారు, ఒకరి తప్పును ఇంకొకరు దిద్దుతారు. పేరు కూడా అడగరు.

నీ మేనకోడలు
సంధ్య

తా.క. ఫోటో తీసి పంపితే రెండు నిమిషాల పని. ఆ బటన్ల ఫోన్‌ను ఇంకెన్నాళ్లు మోస్తావు మామా?


సిరిసిల్ల,
సెప్టెంబర్ 5

లోకంలో వేలమందిని ఎరిగిన నా కోడలు సంధ్యారాణికి, ఒక్క దేవేందర్‌ను మాత్రమే ఎరిగిన మామ దీవెనలు.

నీ ఉత్తరం గోడకు అంటించాను. స్క్రూలు బిగించాను. స్క్రీను సన్నబడింది! అంచు మొత్తం ఒక్క చూపులో కనిపించింది. మీ అత్తమ్మను పిలిచి చూపించాను. అమ్మను పిలిచి చూపించాను. అమ్మ దగ్గరగా వచ్చి, దూరంగా జరిగి, మళ్లీ దగ్గరగా వచ్చి, "మంచిగనే ఉంది గని, మొదలే మంచిగుండె" అని పోయింది.

నీ చీటీలోని ఆజ్ఞను అక్షరం వదలకుండా టైపు చేశాను. మొదటి వరసకు బోలెడు అంకెలు వచ్చాయి. రెండో వరసలో నీ పేరు కొట్టాను. దానికి, సంధ్య అనే ఆజ్ఞ తనకు తెలియదని ఇంగ్లీషులో కొట్టినట్టు చెప్పింది. నాకు చాలా కోపం వచ్చింది. ఎక్కించిన మనిషినే గుర్తుపట్టదా?

ఫోటో అన్నావు. ఫోటో ఎందుకు? స్క్రీను మీద ఉన్నదంతా డిజైన్ గీసే గళ్ల కాగితం మీద గడికి గడి దింపి, మూడు షీట్లు దీనితో పంపుతున్నాను. ఒక్క చుక్క కూడా తప్పు పోలేదు, రెండుసార్లు లెక్క చూసుకున్నాను.

ఇక అసలు సంగతి. మర్నాడు సాయంత్రం వచ్చేసరికి స్క్రీను మళ్లీ లావు! ప్లగ్గు చూస్తే స్క్రూలు వదులు. కారణం నేను కనిపెట్టాను. మా గోడకు అవతల ఇరవై నాలుగు సాంచాలు దడదడలాడుతుంటాయి. గ్లాసులో నీళ్లే నిలవవు, స్క్రూలు ఎక్కడ నిలుస్తాయి? కాబట్టి స్క్రూలు బిగించి పైన నేత దారంతో గట్టిగా కట్టాను.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ సంధ్యా, స్క్రీను లావెక్కిన రోజున అంచు కూడా పెరిగింది. నేను ఏడు కంకుల దగ్గర ఆపాను. ఎనిమిదో కంకి వచ్చి ఉంది! నేను గీయలేదు. కొస దగ్గర కాస్త వంగి, గింజలు కిందికి దిగి, ఎంత అందంగా ఉందనుకున్నావు. ఒకరు వదిలేసిన చోట ఇంకొకరు అందుకుంటారని నువ్వు రాసిన వాక్యం గోడ మీద మళ్లీ చదువుకున్నాను. ఒళ్లు జలదరించింది. ఏ దేశపు మనిషో తల్లీ!

నీ మామ
నారాయణ

తా.క. వాళ్లకు మన జొన్న ఎలా తెలుసు? వాళ్ల దగ్గర కూడా పండుతుందా? తెలుసుకుని రాయి.


కోరుట్ల,
సెప్టెంబర్ 9

మామకు సంధ్య నమస్కారాలు, చిన్న మొట్టికాయతో సహా.

మూడు షీట్లూ అందాయి. మా సెంటర్ బల్ల మీద పరిచి చదివాను. నువ్వు అంత కష్టపడి దింపినదాంట్లో నాకు కావలసింది ఒక్క వరస, అది మొదటి షీటు పైనే ఉంది. రెండో షీటు మధ్యలో పెద్ద బాణం గుర్తు ఉంటే ఇదేం లోపమని నేను ఒక పూట తల పట్టుకున్నాను. అది మౌస్ బాణం మామా! దాన్ని కూడా నేయాలా?

చీటీ కింద నా పేరు సంతకం. ఆజ్ఞ కాదు. ఈసారి సంతకం పెట్టడం లేదు.

ఇక ఆ ఎనిమిదో కంకి. లినక్స్ వాళ్లెవరూ మన ఇంట్లోకి వచ్చి కంకులు గీయరు. గీయలేరు కూడా. నీ కంప్యూటర్‌కు ఇంటర్నెట్టే లేదు. బయటి నుంచి దానికి వచ్చే తీగ ఒక్కటే, కరెంటుది. కరెంటు తీగలోంచి మనుషులు రారు. నువ్వే గీసి మరిచిపోయి ఉంటావు. లేకుంటే అత్తమ్మ గీసి ఉంటుంది. అడుగు.

సాంచాల అదురుకు స్క్రూ వదులవడం నమ్ముతాను. కానీ రెండు స్క్రూలూ ఒకేసారి, అదీ ఒక్క రోజులో? నాకు ఇదే తొలుస్తోంది. ఈ సెంటర్లో ఎనిమిదేళ్లుగా ఉన్నాను, తానంతట తాను విప్పుకునే స్క్రూను చూడలేదు. ఇంకో చీటీ పెడుతున్నాను. కంప్యూటర్ ఏ రోజు ఏ గంటకు ఆన్ అయిందో, ఎప్పుడు ఆగిందో లినక్స్ రాసి పెట్టుకుంటుంది. ఈ ఆజ్ఞ కొడితే ఆ చిట్టా చూపిస్తుంది. గంటలు మాత్రమే మామూలు కాగితం మీద రాసి పంపు.

ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. అంచు ఎంతవరకు వచ్చింది?

సంధ్య

తా.క. జొన్న సంగతి తెలుసుకున్నాను. చాలా దేశాల్లో పండుతుందట. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను.


సిరిసిల్ల,
సెప్టెంబర్ 13

నమ్మకం లేని నా కోడలికి, నమ్మకం పెరిగిన మామ దీవెనలు.

మీ అత్తమ్మను అడిగాను. "నాకు దినానికి వెయ్యి బీడీలు చుట్టుడే తీరుతలేదు, నీ కంకులు నేనెప్పుడు గీయాలె?" అని చేట నా ముందు పెట్టింది. ఆమె కాదు.

నేనూ కాదు. ఎందుకంటే ఇప్పుడు పది కంకులు అయ్యాయి. ఒకటి మరిచిపోతాను కానీ మూడు మరిచిపోతానా?

చిట్టా తీశాను. పొద్దున, సాయంత్రం ఉన్నవి నావి. ఇవి కాక రోజూ మధ్యాహ్నం రెండూ పదికి ఆన్ అవుతోంది, మూడున్నరకు ఆగుతోంది! ఆ సమయానికి నేను కార్ఖానాలో ఉంటాను. మీ అత్తమ్మ నలుగురితో కలిసి పక్కింటి అరుగు మీద బీడీలు చుడుతుంటుంది. ఇంట్లో ఎవరూ ఉండరు. అమ్మ ఉంటుంది కానీ, నిద్రపోతుంది.

ఇక నాకు సందేహం తీరింది. మనకు మధ్యాహ్నం రెండైతే ఏదో ఒక దేశంలో పొద్దున్నే లేచి పనిలో కూర్చునే వేళ అవుతుంది. ఆ మనిషి సమయం తప్పని మనిషి. తీగ లేకుండా ఎలా వస్తాడో నువ్వు చదువుకున్నదానివి, నువ్వే కనిపెట్టాలి.

ఇంకో వింత విను. ప్లగ్గు మీద నేను కట్టిన దారం విప్పి, మళ్లీ కట్టి ఉంది. ఆ ముడి అచ్చం మనింటి పోగు ముడి. సన్నగా, గట్టిగా, కొస కనపడకుండా. ఇంతటి ముడి నేను కూడా వేయలేను. ఆ దేశంలో కూడా నేత ఉందన్నమాట!

అన్నిటికంటే సంతోషం ఏమిటంటే, తొమ్మిదో కంకి, పదో కంకి చూపించినప్పుడు అమ్మ "కాదు" అనలేదు. "ఇప్పుడైంది" అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నెలరోజులుగా నేను గీసింది ఒక్కటీ ఒప్పుకోని మనిషి, ఎవరో తెలియని వాడి కంకిని ఒప్పుకుంది.

రుణం ఉంచుకోకూడదు. వాళ్ల కోసం ఒక తువ్వాలు నేశాను. వంద కౌంటు సన్న నూలుతో, మూడు రోజులు కూర్చుని చేతిమగ్గం మీద నేశాను. దాచిపెట్టిన మగ్గాన్ని దీనికోసమే బయటికి తీశాను. పార్సెల్ చేసి నీకు పంపుతున్నాను. నువ్వు వాళ్ల అడ్రసు చూసి పంపించు.

నీ మామ
నారాయణ

తా.క. తువ్వాలు ఉతికేటప్పుడు వేడినీళ్లు వాడొద్దని ఇంగ్లీషులో ఒక చీటీ రాసి అందులో పెట్టు. కింద నా పేరు రాయకు, గుర్తుపట్టరు.


కోరుట్ల,
సెప్టెంబర్ 16

మామకు సంధ్య నమస్కారాలు.

తువ్వాలు అందింది. చెంపకు ఆనించుకుంటే వెన్నలా ఉంది. ఎవరికి చేరాలో వాళ్లకే చేరుస్తాను, నాది పూచీ.

ఆ మనిషి ఎవరో నాకు తెలిసిందనుకుంటున్నాను. ఇప్పుడే చెప్పను. నాకోసం నువ్వు ఒక పని చెయ్యి. ఇరవయ్యో తారీఖు దాకా స్క్రూల జోలికి పోకు, దారం జోలికి పోకు. స్క్రీను లావుగా ఉంటే ఉండనీ. నీ పదకొండో కంకికి, పన్నెండో కంకికి అదే మంచిది.

దీనితో ఒక కాగితం మడిచి, అన్నం మెతుకులతో అంటించి పంపుతున్నాను. అది అమ్మమ్మకు. నువ్వు చదివిపెట్టాల్సిన అవసరం లేదు. ఆమె కళ్లు మంచిగా ఉన్నాయని నువ్వే కదా చెబుతుంటావు.

సంధ్య

తా.క. మామా, "ఇంట్లో ఎవరూ ఉండరు, అమ్మ ఉంటుంది" అని రాశావు. ఆ వాక్యాన్ని కూడా గోడకు అంటించుకో.

(అంటించిన కాగితంలో, అరచేయంత అక్షరాలతో)

అమ్మమ్మా, స్క్రూ విప్పక్కర్లేదు. కింది వరసలో ఆల్ట్ అనే మీట ఉంది, దాని మీద పసుపు చుక్క పెట్టుకో. దాన్ని ఒక చేత్తో నొక్కి పట్టుకుని, రెండో చేత్తో మౌస్ మీది చక్రం తిప్పు. ఎంత కావాలంటే అంత పెద్దదవుతుంది. మామకు చెప్పను. నీ సంధ్య.


సిరిసిల్ల,
సెప్టెంబర్ 20

బిడ్డ సంధ్యకు, మీ అమ్మమ్మ రాజవ్వ దగ్గరికి తీస్కొని రాసుడు.

మూడో తరగతి దాక సదివిన రాత. నాకు మాట్లాడినట్టే రాయస్తది. మీ మామ గళ్ల కాయితం మీద రాస్తున్న, ఒక్కొక్క అచ్చరానికి నాలుగు గళ్లు. గిట్లయితెనే నాకు కనబడ్తది.

దొంగను పట్టినవ్. నేనే.

మొదటి దినం మీ మామ అంచు చూపెడితె నాకు కంకి లేదు, గింజ లేదు, నువ్వులు ఆరబోసినట్టు కనబడ్డది. కనబడ్తలేదంటె మీ మామ ఊకుంటడా? పండుగ ముంగట కండ్ల దవాఖానకు పట్టుకపోతడు. నేను కంటికి పట్టి కట్టుకొని కూసుంటె అంచు ఎవలు చూడాలె? అందుకే కాదు కాదు అనుకుంట దినాలు ఎల్లదీసిన. ఒకనాడు దుమ్ము తుడుస్తుంటె గా నీలం ప్లగ్గు కదిలింది. మీ మామ చేసినట్టు మీట నొక్కి డబ్బ చాలు చేసి చూద్దును గదా, ఒక్కో గడి జొన్నగింజంత కండ్లవడ్డది. ప్రాణం లేచచ్చింది బిడ్డా. గప్పటిసంది మీ మామ బిగిస్తడు, నేను విప్పుత. విప్పుడు చేతికి తెలుస్తది, బిగించుడుకే కండ్లు కావాలె. అందుకే గట్లనే ఇడిసిపెట్టిన. దారం మాత్రం మల్ల కట్టిన. పోగు విప్పి అట్లనే ఇడిస్తె నాకు చేతులు నిలువవు.

నువ్వు రాసినట్టు చక్రం తిప్పిన. గింజ నా బొటనవేలంత అయింది. నవ్వచ్చింది, గా నవ్వుల్నే ఏడుపచ్చింది.

నీకొక్కదానికే చెప్తున్న. ఎలుక తిన్న కంకులు ఎట్లుండెనో నాకు యాది లేదు. అరవై ఏండ్లాయె, ఎట్లుంటది? గని మీ మామ గీసినయ్ పోలీసోల్ల తీరు నిటారుగ నిలవడ్డయ్. గింజ పట్టిన కంకి వంగుతది. గదొక్కటి యాదున్నది. చేతికి అచ్చినట్టు వంచుకుంట పోయిన. పాతది కాదు, కొత్తదే. అయితేంది, శారద కట్టుకుంటె గదే పాతదయితది.

పన్నెండూ అయినయ్. ఇయ్యాల పొద్దుగాల మీ మామ దేవేందర్ తానకు పట్టుకపోయిండు. ఆకరి కంకికి ఒక్క గింజ తక్కువ పెట్టిన. అది నా సంతకం. పేరు రాస్తె గా డబ్బ గుర్తుపట్టదట గదా.

నా కండ్ల ముచ్చట మీ మామకు నేనే చెప్త, బతుకమ్మను నీళ్లల్ల ఇడిసిన తెల్లారి. అటెంక ఏ దవాఖానకన్న పోత. గప్పటిదాక నువ్వు నోరు తెరువకు. లినక్సోల్లు చేసిండ్రని వాడకట్టంత చెప్పుకుంట తిరుగుతుండు, గంత సంబురం వాని మొకంల ఎన్నేండ్లకు చూసిన్నో.

మీ అమ్మమ్మ
రాజవ్వ

తా.క. గా తువ్వాల నాది. పండుగకు అచ్చేటప్పుడు పట్టుకరా, అడ్రసు ఎవలదీ ఎతుకకు. వాడు మూడు దినాలు నా మగ్గం మీద కూసొని నేస్తుంటె పక్కపొంటి కూసొని చప్పుడు విన్న. వానికి నేత నేర్పింది నేను. మందికి నేసినంత సన్నగ కన్నతల్లికి ఒక్కనాడు నేసియ్యలే, గాడిద కొడుకు.